నీలం మూతలు

“సోమవారం పొద్దున్నే వచ్చేస్తుంది లెండి. మీరు మాత్రం ఆ కుర్చీ ఇంకెవరికీ ఇచ్చెయ్యకండి బాబూ.”

ఆ మాట అనేసి, ఫోను పెట్టేసి తల్లి వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో అల్లుడు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద బస్సు డ్రైవరు చొక్కా, చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎంతవరకు విన్నాడో ఆ ముఖం చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. మూసేసిన కొట్టు లాంటి ముఖం అది.

“ఎవరు అత్తయ్యా?”

“ఎవరో, రాంగు నంబరు.”

“రాంగు నంబరు వాళ్ళ దగ్గర కూడా కుర్చీలుంటాయన్నమాట,” అంటూ అతను సన్నధారగా వచ్చే మంచినీళ్ళ కుళాయి కింద సీసా పెట్టాడు.

తల్లికి చెవులు వేడెక్కాయి. ఇక దాచి లాభం లేదని గబగబా చెప్పేసింది. ఫోను చేసింది కూతురు మానేసిన మందుల కంపెనీ మేనేజరు. ఆమె స్థానంలో వచ్చినవాడు వెళ్ళిపోయాడట. సోమవారం వచ్చి చేరితే పాత కుర్చీ, పాత హోదా అలాగే ఉంటాయట. ఆయన మాట్లాడుతుంటే వెనకాల కంపెనీ మిషన్ల హోరు వినిపించిందనీ, అది వినగానే తనకు ప్రాణం లేచి వచ్చిందనీ మాత్రం చెప్పలేదు. ఆ హోరు మీద పన్నెండేళ్ళు ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది.

“చెప్పేముందు తనని ఒక్క మాట అడగాల్సింది,” అన్నాడు అల్లుడు.

“అడగడానికి ఆ తలుపు తీస్తే కదా బాబూ.”

నిన్న సాయంత్రం యూనివర్సిటీ నుంచి వచ్చిన కూతురు జరిగింది గబగబా చెప్పేసి పడగ్గది తలుపు వేసుకుంది. అల్లుడు హాల్లో సోఫా మీదే కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. తలుపు బయట పెట్టిన టీ కప్పు ఖాళీ అయి మళ్ళీ బయటికి రావడం ఒక్కటే లోపల మనిషి ఉందనడానికి గుర్తు. తల్లి పొద్దుటి నుంచి ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళి ఆ తలుపుకి చెవి ఆనించి వస్తోంది. దగ్గు వినిపిస్తే ఊపిరితిత్తులకు ఏదో వచ్చిందనుకుంది. దగ్గు ఆగిపోతే అంతకంటే ఘోరం ఊహించుకుంది.

ఆవిడకి అర్థమైనంతవరకు జరిగింది ఇదీ.

నిన్న ల్యాబ్‌లో పెద్ద ఫ్రీజరు శుభ్రం చేసే వంతు కూతురిది. వంతులైతే గోడ మీద అతికించి ఉన్నాయి గానీ, ఏళ్ళ తరబడి ఎవరూ ఆ జోలికి పోలేదు. మంచు పేరుకుపోయి దాని తలుపు కూడా సరిగా పడేది కాదు. కూతురు చేతులకు తొడుగులు వేసుకుని మంచంతా గీకి, అరలన్నీ తుడిచింది. అట్టడుగున ఒక తెల్ల డబ్బా దొరికింది. దాన్నిండా వేలెడేసి ట్యూబులు, వాటికి నీలం మూతలు. ఒక్కదాని మీదా పేరు లేదు, తేదీ లేదు.

కంపెనీలో శుక్రవారం అంటే అదే పని. పేరు లేని సీసా ఆ సాయంత్రం దాటి బతక్కూడదు. లోపల ఏముందో రాసి లేదంటే అది మందు కాదు, విషం కిందే లెక్క, ఎందుకంటే ఆఖరికి అది ఎవరో ఒక రోగి ఒంట్లోకి వెళ్ళాల్సింది. ఎవరిదని అడిగే పద్ధతి కూడా ఉండదు. పడెయ్యడమే. అన్నేళ్ళు అలా పడేసిన చెయ్యి నిన్న కూడా ఆగలేదు. డబ్బా మొత్తం ఆవిరి మిషన్‌లో పెట్టి ఉడికించి చెత్తబుట్టలో పడేసింది.

ఆ ల్యాబ్‌లో పేర్లు రాసుకోరు. మూత రంగే పేరు. ఎర్ర మూతలు ఒకరివి, పచ్చవి ఒకరివి, నీలం మూతలు అందరికంటే సీనియరైన ఒక కుర్రాడివి. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఏడాది పాఠాలు పూర్తి చేసుకుని ఈమధ్యే ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టిన కూతురికీ చెప్పలేదు. పని ముగించి, చేతులు తుడుచుకుని, మార్కరు కోసం ఆ కుర్రాడి బల్ల దగ్గరికి వెళ్ళి చూస్తే, బల్ల నిండా నీలం మూతలే.

కుర్రాడు సొంతూరు వెళ్ళాడు. గదిలో ఇంకెవరూ లేరు. పాత ఫ్రీజరు, మధ్యమధ్య దానంతటదే ఆగిపోతూ ఉంటుంది. ఆ డబ్బాని మళ్ళీ అందులోనే పెట్టేసి, నోరు మూసుకుని ఇంటికి వచ్చేస్తే తప్పు ఆ ఫ్రీజరు మీదకే పోయేది.

కూతురు తిన్నగా ప్రొఫెసరమ్మ గదికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ప్రొఫెసరమ్మ తిట్టలేదట. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, సోమవారం పొద్దున అందరం కూర్చుందాం, పోయింది అతని పని కాబట్టి మాట కూడా అతనిదే, నిన్ను ఉంచమంటే ఉంచుతాను, వద్దంటే ఇంకో ల్యాబ్ చూసుకో, అప్పటిదాకా ఇటు రావద్దు అందట. ఇంకో ల్యాబ్ ఎక్కడుంది? ఒక్క సీటుకి వందమంది పోటీ పడే చదువు అది. ఈ ఒక్కటి దొరకడానికే కూతురు మూడుసార్లు పరీక్ష రాసింది. ఆఖరిసారి తల్లి కూడా తోడు వెళ్ళింది. పరీక్ష హాలు బయట ఒక పిల్లాడు కూతురు చేతిలో తన హాల్ టికెట్ పెట్టి, నా గది ఎటు మేడం అని అడిగాడు. పరీక్ష పెట్టే మనిషి అనుకున్నాడు పాపం. కూతురు అతనికి గది చూపించి, వెళ్ళి ఆ పక్క బెంచీలోనే కూర్చుని రాసింది. ఆ రోజు తల్లికి ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

గొళ్ళెం తీసిన చప్పుడైంది.

కూతురు బయటికి వచ్చింది. జుట్టు ముడి వేసుకుంది. ముఖం కడుక్కుంది. చేతిలో టీ కప్పు. నేరుగా సింకు దగ్గరికి వచ్చి దాన్ని కడగడం మొదలుపెట్టింది.

“ఈ ఇంటి గోడలు పల్చన అమ్మా,” అంది అటు తిరిగే. “మేనేజరుగారికి చెప్పిందంతా వినిపించింది.”

“వినిపిస్తే మంచిదే. నాకు రెండోసారి చెప్పే పని తప్పింది.”

“నన్నడక్కుండా ఎలా చెప్పావు?”

“నన్నడిగి వెళ్ళావా ప్రొఫెసరమ్మ గదికి?” తల్లి గొంతు ఆవిడ అనుకున్న దానికంటే పైకి లేచింది. “ఎవరూ చూడలేదన్నావు. ఆ ఫ్రీజరు మంచిది కాదన్నావు. దాని మీద పోయేది కదే ఆ మాట.”

“పోయేది. అందుకే చెప్పాను.”

“నిన్నెవరడిగారు అంత సత్యం?”

కూతురు సింకు కుళాయి కట్టేసింది. “కంపెనీలో చేరిన మొదటి రోజు మాకు ఏం నేర్పారో తెలుసా? మిషన్ నడపడం కాదు. తప్పు చేసినవాళ్ళు ఆ రోజు టీ తాగకముందే చెప్పెయ్యాలి. టీ తాగాక చెప్తే అది చెప్పడం కాదు, దొరికిపోవడం.”

“అంత గొప్ప కంపెనీ అయితే వదిలేసి ఎందుకొచ్చావు మరి?”

అనేశాక తల్లికి నాలుక కరుచుకోవాలనిపించింది. సీసా నిండి నీళ్ళు పొర్లుతున్నా అల్లుడు దాన్ని పక్కకి తియ్యలేదు.

కూతురు కప్పు తుడిచింది. తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచింది.

“అక్కడ నాకు అన్నీ తెలుసమ్మా. ఎంత వేడి పెట్టాలి, ఎంతసేపు తిప్పాలి, ఎప్పుడు ఆపాలి. ఎందుకలా అవుతోందని అడిగితే మాత్రం, నడుస్తోంది కదా, నీకెందుకనేవారు. అలా అని అని ఆఖరికి నేనే నా కింద వాళ్ళతో ఆ మాట అనడం మొదలుపెట్టాను. ఒకరోజు కొత్తగా చేరిన పిల్ల ఏదో అడిగితే, నడుస్తోంది కదా, నీకెందుకు అన్నాను. ఆ పిల్ల మళ్ళీ నన్నేమీ అడగలేదు. ఆ రోజే అనుకున్నాను, ఇక చాలని.”

ఈ సంగతి తల్లి ఇంతకుముందు వినలేదు.

“సోమవారం వాళ్ళు పొమ్మంటే ఎక్కడికి పోతావు తల్లీ?” అంది చివరికి, ఆ గొంతు తనకే సరిగా వినపడనంత చిన్నగా.

అల్లుడు మంచినీళ్ళ కుళాయి కట్టి, సీసా మూత బిగించి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ జవాబిచ్చాడు.

“పొమ్మంటే ఇంటికొస్తుంది అత్తయ్యా. ఇల్లు ఇక్కడే ఉంటుంది కదా.”

అతను వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే వంటింట్లో చెరో మూలా పని వెతుక్కున్నారు. కూతురు గిన్నెలు సర్దింది. తల్లి అవే గిన్నెలు తీసి మళ్ళీ తన పద్ధతిలో సర్దింది.

* * *

మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. తల్లి తలుపుకున్న కంతలోంచి చూసింది. సన్నగా, పొడుగ్గా ఒక కుర్రాడు. భుజాన ప్రయాణం సంచి, చింపిరి జుట్టు, వాచిన కళ్ళు. ఎవరో ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది. కొట్టడానికే వచ్చాడనుకుంది. వంటింట్లోకి పరుగెత్తి కూరలు తరిగే చాకుని బోర్లించిన గిన్నెల కింద దాచి, అప్పుడు వచ్చి తలుపు తీసింది.

“ఫ్యాక్టరీ అక్క ఇల్లు ఇదేనాండీ?”

“ఎవరూ?”

“ఫ్యాక్టరీ... అదే, మేం ల్యాబ్‌లో అలా పిలుస్తాం. సారీ అండీ.” కుర్రాడు గడప బయటే ఆగిపోయాడు. “నేను నీలం మూతల వాణ్ణండీ.”

ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. సీనియరు అంటే తలనెరిసిన మనిషిని ఊహించుకుంది తల్లి. ఇతను తన కూతురి కంటే పదిపన్నెండేళ్ళు చిన్న. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. రైలు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా ఇటే వచ్చినట్టున్నాడు. అన్ని భయాల మధ్యలోనూ, ఈ పిల్లాడు పొద్దున ఏమైనా తిన్నాడా అని ఆవిడకి అనుమానం వచ్చింది.

కూర్చోబెట్టి టీ తెచ్చి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు. గదిలోంచి కూతురు వచ్చి, బడిలో మేష్టారి ముందు నిలబడ్డట్టు నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె కూర్చోలేదు.

తల్లి వంటింట్లోకి వెళ్ళి, దాచిన చాకునే బయటికి తీసి, కోయక్కర్లేని కూరగాయలు కొయ్యడం మొదలుపెట్టింది. ఇంటి గోడలు పల్చనివే కదా.

చాలాసేపు అతనొక్కడే మాట్లాడాడు. రెండు చలికాలాలు ఆ ప్రొటీను తయారు చెయ్యడానికే సరిపోయాయన్నాడు. అది వెచ్చదనం తట్టుకోదట. అందుకని చల్లటి గదిలో స్వెటరు మీద స్వెటరు వేసుకుని, చుక్కచుక్కగా పోగేశాడట. దాని రూపం ఎలా ఉంటుందో లోకంలో ఇంకా ఎవరూ చూడలేదట. సముద్రాల అవతల ఇంకో పెద్ద ల్యాబ్ కూడా అదే పని మీద ఉందట. ముందు చూసినవాళ్ళదే ఆ పని, రెండోసారి చూసినవాళ్ళని ఎవరూ అడగరట. వాళ్ళ దగ్గర ఇరవైమంది ఉన్నారు, తన దగ్గర ఆ డబ్బా ఒక్కటే ఉండేదన్నాడు.

కుర్చీ కిర్రుమంది.

“ప్రొఫెసరమ్మ మాట నామీదే పెట్టింది అక్కా. సోమవారం నేను వద్దంటే మీరు ఉండరు. వద్దంటే నన్నెవరూ తప్పు పట్టరు కూడా.”

“పట్టరు,” అంది కూతురు.

“ఒక్కటి అడుగుదామని వచ్చాను. ఎందుకు చెప్పారు? మీరు చెప్పకపోతే నేను ఆ ఫ్రీజరుని తిట్టుకునేవాణ్ణి. ఫ్రీజరుని తిట్టుకోవడం సుఖం అక్కా. ఎదురుగా కనపడే మనిషిని తిట్టుకోవడం కష్టంగా ఉంది.”

వంటింట్లో చాకు ఆగింది. ఇప్పుడు టీ సంగతి చెప్తుంది, కంపెనీ నీతులు చెప్తుంది అనుకుంది తల్లి.

కూతురు అది చెప్పలేదు.

“ఫ్రీజరు ఆగిపోయిందనుకుంటే మిగతా వాళ్ళవి బాగానే ఉండి నీవొక్కటే ఎలా పోయాయని నీకు అనుమానం వచ్చేది. నీ ప్రొటీను నిలవ ఉండదేమో అనుకునేవాడివి. నీ చేతిలోనే ఏదో లోపం ఉందనుకునేవాడివి. ఆ లేని లోపం కోసం ఇంకో చలికాలం వెతుక్కునేవాడివి. నీ పని బాగానే ఉంది. దాన్ని నేను పారేశాను. ఆ సంగతి నీకు తెలియాలి.”

కొంచెం సేపటికి కప్పు సాసరుకి తగిలిన చప్పుడైంది. టీ తాగుతున్నాడు. చల్లారిపోయి ఉంటుంది. వేడి చేసి ఇద్దామని తల్లి గుమ్మం దాకా వచ్చి, వాళ్ళిద్దరి ముఖాలూ చూసి అక్కడే ఆగిపోయింది.

పొద్దున తను ఇదే ప్రశ్న అడిగినప్పుడు కూతురు ఈ జవాబు చెప్పలేదు. తనకి అర్థం కాదని కాదు, తను అడిగిన తీరు అలాంటిది. తన కూతురు తన గురించి కాకుండా ఈ తప్పు గుండీల పిల్లాడి గురించి ఆలోచించి ప్రొఫెసరమ్మ గది తలుపు తట్టింది.

“విత్తనం ఉందా?” అడిగింది కూతురు.

ఆ ప్రొటీనుని తయారు చేసే సూక్ష్మజీవుల్ని వాళ్ళు విత్తనం అంటారట. ఉంది, ప్రొఫెసరమ్మ గదిలోని ఫ్రిజ్‌లో వేరే దాచి ఉందన్నాడు.

“కింద నేలమాళిగలో ఒక పెద్ద స్టీలు ట్యాంకు ఉంది కదా, మీరంతా కోట్లు తగిలించుకునేది.”

“అది పనికి రాదక్కా. ఎవరు ఏం పెంచినా బూజు పట్టేస్తుంది.”

“అడుగున ఒక వాషరు అరిగిపోయింది. బూజు అక్కణ్ణుంచి వస్తోంది. చేరిన మొదటి వారమే చూశాను.”

“మరి చెప్పలేదే?”

“నన్నెవరడిగారు? ఫ్యాక్టరీ అక్క అంటే ఫ్రీజర్లు తుడిచే అక్క కదా మీకు.”

కుర్రాడు తల దించుకున్నాడు. కూతురు మొదటిసారి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నువ్వు బుడ్డి బుడ్డి గాజు సీసాల్లో చలికాలమంతా పెంచింది అందులో ఒక్కసారే పెంచవచ్చు, శుద్ధి చెయ్యడం మాత్రం నీ చేతి పనే, అది నాకు రాదు అంది. కుర్రాడు ఏదో అన్నాడు, కూతురు కాదంది, అతను కాగితం అడిగాడు. తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్న భాషలో తల్లికి ‘అక్కా’ అన్న మాట తప్ప ఏదీ తెలియలేదు.

వెళ్ళేముందు అతను చెప్పులు వేసుకుంటూ చెప్పాడు. “రేపు నా పేరు చెప్పి లోపలికి రండి. ప్రొఫెసరమ్మకి నేను చెప్పుకుంటాను. కానీ ఒకటి. ఇది అయినంత మాత్రాన సోమవారం మిమ్మల్ని ఉండమంటానని కాదు.”

“నేను అడగలేదు,” అంది కూతురు.

తలుపు వేశాక తల్లి ఉండబట్టలేక అడిగేసింది, కాస్త అడిగితే నీ సొమ్మేం పోయేదని. కూతురు నవ్వింది. నిన్నటి నుంచి ఆ ముఖం మీద అది మొదటి నవ్వు. నవ్వి, బీరువాలోంచి తెల్లకోటు తీసి ఇస్త్రీ పెట్టుకుంది.

* * *

ఆదివారం మధ్యాహ్నం తల్లి భోజనం డబ్బా పట్టుకుని అల్లుడి బస్సే ఎక్కింది. టికెట్ కొని మరీ, అతని వెనక సీట్లో కూర్చుంది. ట్యాంకు పేలిపోదు కదా బాబూ అని దారంతా అడుగుతూనే ఉంది. డ్రైవరుతో మాట్లాడరాదని అద్దం పక్కన రాసి ఉంది చూడండత్తయ్యా అన్నాడు అతను. యూనివర్సిటీ ముందు మాత్రం స్టాపు దాటించి, సరిగ్గా గేటు ఎదురుగా ఆపాడు.

గేటు దగ్గర కాపలా మనిషి ఎవరి కోసం అన్నాడు. వీధి కొట్టువాడు మీ అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోందండీ అని అడిగినప్పుడల్లా తల్లి మాట తప్పించేది. నలభైకి దగ్గరపడ్డ పిల్ల చదువుకుంటోందని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

“ఫ్యాక్టరీ అక్క వాళ్ళ అమ్మని,” అంది.

“ఆవిడా. పొద్దుటి నుంచీ నేలమాళిగలోనే ఉన్నారు. మెట్లు జాగ్రత్తండీ, రెయిలింగు కదులుతుంది.”

మెట్లు దిగుతుంటేనే హోరు వినిపించింది. సన్నగా, ఆగకుండా. తల్లి మెట్టు మీదే ఆగింది. అచ్చం ఆ కంపెనీ హోరే.

గదిలో స్టీలు ట్యాంకు మనిషెత్తు నిలబడి ఉంది. దాని మీద తగిలించాల్సిన కోట్లన్నీ ఒక కుర్చీ మీద గుట్టగా పడి ఉన్నాయి. తడి రొట్టె లాంటి వాసన. చుట్టూ పిల్లలు, కొందరు కింద కూర్చుని, కొందరు పైపుల మధ్య వంగి. పొడుగు కుర్రాడు గడియారం వంక చూస్తూ అంకెలు చదువుతున్నాడు. వాళ్ళ మధ్యలో కూతురు. తెల్లకోటు జేబు మీద కంపెనీ గుర్తు విప్పేసిన చోట గుడ్డ ఇంకా తెల్లగా, నలుచదరంగా ఉంది. ఆ గుర్తు కుట్లు విప్పింది తల్లే. విప్పుతూ ఏడ్చింది కూడా.

కూతురు అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగం ట్యాంకుకి ఆనించి చూసింది. ముందు ఒక చోట, తర్వాత కాస్త కింద. చంటిపిల్లకి జ్వరం చూసినట్టు. అంకెలు చూపించే మిషన్ పక్కనే ఉంది, అయినా చేత్తో చూసింది.

ఆ చూడడం ఎక్కడ నేర్చుకుందో తల్లికి తెలుసు.

“అక్కా, గాలి తగ్గిస్తే నురగ ఎందుకు తగ్గుతోంది?” అని ఒక అమ్మాయి అడిగింది.

నడుస్తోంది కదా, నీకెందుకు అన్న మాట ఎక్కడా వినపడలేదు. కూతురు ఆ అమ్మాయి వైపు పూర్తిగా తిరిగింది. “నాకూ తెలియదు. పన్నెండేళ్ళు తగ్గిస్తూ వచ్చాను, తగ్గింది. నువ్వేమనుకుంటున్నావు?” అంది. ఆ అమ్మాయి ఏదో చెప్పింది. పొడుగు కుర్రాడు కాదన్నాడు. ఇంకెవరో అతన్ని కాదన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వాళ్ళ మధ్య తన కూతురు వాళ్ళందరికంటే చిన్నపిల్లలా నిలబడి, ఒక్కొక్కరి ముఖమూ మార్చి మార్చి చూస్తోంది.

తల్లి భోజనం డబ్బా గట్టిగా పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. ఈ పిల్లని ఆఫీసరుగా చూసింది, జీతం తెచ్చే మనిషిగా చూసింది. ఇలా ఎప్పుడూ చూడలేదు. ఈ గదిలోకి ఆ వీధి కొట్టువాణ్ణి ఒక్కసారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలనిపించింది.

“అవుతుందా?” అని మాత్రం అడిగింది, కూతురు తనని చూసి దగ్గరికి వచ్చాక.

“ఏమో అమ్మా. ఇప్పుడు ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తాం. బూజు ఉంటే ఇక్కడితో సరి. లేకపోతే రేపటికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.”

అప్పుడే తల్లి సంచిలో ఫోను మోగింది. మేనేజరు. ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళి, కదిలే రెయిలింగుకే ఆనుకుని ఎత్తింది. రేపు కంపెనీ కారు ఎన్నింటికి పంపమంటారని ఆయన అడుగుతున్నాడు. వెనకాల అదే హోరు.

“కారు వద్దండీ. మా అమ్మాయి రాదు,” అంది తల్లి. “నిన్న నేను చెప్పింది తనని అడక్కుండా చెప్పాను. తప్పు నాదే. మీరు ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోండి.”

ఆయన గొంతులో మర్యాద కొంచెం పల్చబడింది.

“మీ ఇష్టం. ఇంకో సంగతి మీకు తెలియడం మంచిది. వాళ్ళ ప్రొఫెసరు పొద్దున నాకు ఫోను చేసింది. ఇలాంటి తప్పు మీ దగ్గర ఉన్నప్పుడు కూడా ఎప్పుడైనా చేసిందా అని అడిగింది. రేపు మీటింగుకి ముందే చెప్పాలట. ఏం చెప్పమంటారు?”

చెప్పడానికి ఏముందో అడగాలన్నా తల్లికి భయమేసింది.

“ఉన్నది చెప్పండి,” అంది.

“ఉన్నదంటే... ఒకసారి చేసిందండీ. చేరిన కొత్తలో. ట్యాంకు మొత్తం పారబొయ్యాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదా?”

చెప్పలేదు. అన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. రెయిలింగు తల్లి చేతి కింద కటకటలాడింది. నిన్నటి ఆవిడే అయితే అక్కడే కూలబడేది. రేపు తెల్లకోటు మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటి వస్తున్న కూతురు కళ్ళ ముందు కనిపించేది.

ఆవిడ తల తిప్పి గుమ్మంలోంచి లోపలికి చూసింది. కూతురు మైక్రోస్కోపు ముందు కూర్చుని, కోటు చేతులు పైకి మడుచుకుంటోంది. పిల్లలందరూ మాటలు ఆపేసి వెనక చేరారు. పొడుగు కుర్రాడు గాజుపలక మీద చుక్క వేసి అందిస్తున్నాడు.

“ఆ సంగతి మీకు చెప్పిందెవరండీ?” అడిగింది తల్లి.

“ఏమిటి?”

“ట్యాంకు పోయిందని మీకు వచ్చి చెప్పింది ఎవరు? మీ అంతట మీరే కనిపెట్టారా, ఎవరైనా పట్టిచ్చారా? తనే వచ్చి చెప్పుంటుంది. టీ తాగకముందే చెప్పుంటుంది. రేపు ప్రొఫెసరమ్మకి అది కూడా కలిపి చెప్పండి.”

ఒక చెవిలో ఫోనులోంచి కంపెనీ హోరు, రెండో చెవిలో నేలమాళిగ హోరు. ఏది ఎటునుంచి వస్తోందో తెలియకుండా కలిసిపోయాయి. ఆయన ఫోను పెట్టెయ్యలేదు. ఆవిడా పెట్టెయ్యలేదు.

లోపల కూతురు మైక్రోస్కోపు మీదకి వంగింది.